బచనమ్మ పిసికిన పిండి

బచనమ్మ పిండి పిసుకుతోంది, నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, ఆమె పోయి పదకొండు నెలలైందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, కాని చుట్టపుచూపుగా వచ్చిన మనిషి దగ్గర ఎత్తకూడని మాటలాగా ఇద్దరం దాన్ని పక్కన పెట్టి ఉన్నాము. ఇది మా గురుద్వారా వంటశాలే, పొయ్యిలు అవే, నల్లబడిన పెద్ద పెనం అదే, అయితే పొయ్యిల వెనక గోడ ఉండవలసిన చోట గోడ లేదు, అక్కడినుంచి నీళ్ళు మొదలై కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి, నాందేడ్ పోయే రైలు ఆ నీళ్ళ మీదుగానే కూత వేసుకుంటూ వెళుతోంది కాబట్టి అది గోదావరే అయి ఉంటుందని అనుకుంటున్నాను. పులిసిన వాసన వస్తోంది. ముక్కు మూసుకోవాలని ఉంది, ఆమె ముందు ఆ పని చెయ్యలేక నోటితో గాలి పీలుస్తున్నాను.

"వచ్చినవా, లోచన్?" తల ఎత్తకుండానే అడుగుతుంది.

"వచ్చిన, మాసీ."

నా పేరు త్రిలోచన్ సింగ్. సర్కారు బడిలో ఇరవై ఆరేళ్ళుగా తెలుగు చెబుతున్నందుకు ఊళ్ళో అందరికీ తెలుగు సారును, ఆమెకు మాత్రం లోచన్‌ను. మాసీ అంటే పిన్ని. ఆమె మాకు చుట్టం కాదు, మా అమ్మకు స్నేహితురాలు. అమ్మ పోయాక నేను ఎదురుపడినప్పుడల్లా నా తలపాగా మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం అలాగే ఉంచేది. నలభై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం, ప్రతి పండగకూ, అందరికంటే ముందు వచ్చి లంగరుకు పిండి పిసికింది ఆమె. లంగరంటే గురుద్వారాలో వచ్చినవాళ్ళందరికీ పెట్టే భోజనం. రాజు వచ్చినా కూలివాడు వచ్చినా నేల మీద ఒకే వరుసలో కూర్చుని, ఒకే గిన్నెలోంచి వడ్డించింది తినాలని మా గురువులు పెట్టిన నియమం. చిన్నపిల్లలకు మా మతం గురించి మొదట చెప్పేది అదే. నేనూ చెబుతుంటాను, బడిలో ఎవరైనా అడిగితే, గొంతు కాస్త పెంచి మరీ చెబుతాను.

"కాళ్ళు కడుక్కొని రా" అంటుంది బచనమ్మ.

"కడుక్కున్న" అంటాను, కిందికి చూస్తే నా పాదాలు చీలమండల దాకా పిండిలో దిగబడి ఉన్నాయి, అది వెచ్చగా ఉంది, లోపలినుంచి బుడగలు లేచి చప్పుడు లేకుండా పగులుతున్నాయి, కాలు లాగితే సాగి వస్తోంది, లాగకపోతే వేళ్ళ సందుల్లోకి ఎక్కుతోంది.

"ఇదేం పిండి, మాసీ?"

"నీకెర్కలేదా? నువ్వు పారేసిందే."

ఆ మాట అనగానే ఆమె వెనకనుంచి ఆ వైశాఖి పండగ రోజు పొద్దుటి పూట నడిచి వచ్చి వంటశాల అంతా నిండుతుంది, పందొమ్మిది నెలల కిందటి ఎండ, పొయ్యి పొగ, బయట షామియానా కడుతున్న సుత్తి చప్పుడు, అన్నీ వస్తాయి, వాటితో పాటు మా కమిటీ అధ్యక్షుడు హజూరా సింగ్ కూడా కొత్త నీలం తలపాగాతో, మీసాల మీద చెమటతో వచ్చి నా చెవి దగ్గర నోరు పెడతాడు. ఆయన నోటిలోంచి యాలకుల వాసన వస్తోంది, దాని కింద ఇంకేదో వాసన.

మా ముత్తాతల ముత్తాతలు లాహోరు నుంచి నిజాము కొలువులోకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన సిపాయిలు. రెండు వందల ఏళ్ళయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతాము, పంజాబీలో ప్రార్థిస్తాము, పచ్చిపులుసు పోసుకుని అన్నం తిని, లేచి తలపాగా చుట్టుకుని గురుద్వారాకు పోతాము. ఇక్కడివాళ్ళకు మేము పంజాబీలము, పంజాబుకు వెళితే మదరాసీలము. అక్కడ అమృతసర్‌లో ఒక దుకాణదారు నన్ను కిందినుంచి పైదాకా చూసి, నీ పంజాబీ ఇలా ఉందేమిటి, నువ్వు అసలు సిక్కువేనా అని అడిగాడు. ఆ ప్రశ్న మాలో ప్రతి మగవాడికీ ఎక్కడో ఒకచోట తగిలినదే, తగిలిన చోట మానకుండా చీము పట్టి ఉన్నదే. అలాంటి మా గురుద్వారాకు ఆ వైశాఖికి లండన్‌లో స్థిరపడిన ఒక పెద్ద సర్దారు వస్తున్నాడని, కొత్త లంగరు హాలు కట్టిస్తాడని కబురు వచ్చింది. రావడానికి ముందురోజు ఫోనులో ఆయన హజూరా సింగ్‌ను ఒక్క మాట అడిగాడు, మీ దగ్గర ఏ బిరాదరీ వాళ్ళు, అంటే ఏ కులం వాళ్ళు ఉంటారు అని. ఊసుపోక అడిగాడో, కావాలని అడిగాడో ఎవరికీ తెలియదు. హజూరా సింగ్ మాత్రం "అందరం జాట్లమే జీ" అన్నాడు. పంజాబులో భూములున్న పెద్ద కులం అది. మా తాతలు ఏ కులం వాళ్ళో మాలో ఒక్కరికీ తెలియదు.

బచనమ్మది ఏ కులమో మాత్రం అందరికీ తెలుసు. ఆమె సిక్లిగార్. గురువుల కాలంలో సైన్యానికి కత్తులు చేసి సానపట్టిన వాళ్ళు, ఇప్పుడు బస్టాండు వెనక రేకుల ఇళ్ళలో ఉంటూ కొడవళ్ళు, తాళాలు, బకెట్లు చేసి అమ్ముకునేవాళ్ళు.

"తెలుగు సారూ, ఆ ముసలామెను ఇయ్యాల వంటింట్లకెల్లి బయట కూసోమను" అంటున్నాడు కలలో హజూరా సింగ్, ఆ రోజు అన్న మాటలే అంటున్నాడు, "ఆమె పిసికిన పిండి తీసి పారేసి మల్ల పిసికిపియ్యి. ఆయన అడిగితే ఏం జెప్తం? ఇజ్జత్ పోతది."

ఆ లండన్ సర్దారు ఏమీ అడగలేదు. అడగబోయే మనిషీ కాదేమో. ఆయన చెయ్యమని అడగని పనిని మాకు మేమే చేశాము.

కమిటీ కార్యదర్శిని నేను. "సరే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎంత సమయం పట్టిందో ఇప్పుడు కలలో లెక్కపెడుతున్నాను, ఊపిరి పీల్చి వదిలేంత సమయం కూడా పట్టలేదు. పిండి పిసికే వెడల్పాటి పళ్ళెం, ఆ ఇత్తడి పరాత్‌ను రెండు చేతులా ఎత్తుకుని వెనక తలుపులోంచి పోయి మురుగు కాలువ పక్కన బోర్లించాను. అది మెత్తగా, నిండుగా, తెల్లగా పడింది. పందులు వచ్చాయి. ఒకటి దాని మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడి తింది. నేను చూస్తూ నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో తెలియదు, తర్వాత లోపలికి వచ్చి బచనమ్మతో, "పిండి పులిసింది మాసీ, ఎండకాలం గదా" అన్నాను.

"పులిసిందా?" అంది ఆమె ఆ రోజు. అంతే. చేతులు కడుక్కుంది.

ఇప్పుడు మాత్రం తల ఎత్తుతుంది. ముఖం ఆమెదే, అయితే వయసు నిలకడగా లేదు, ఒకసారి నా చిన్నప్పటి నల్లజుట్టు మనిషి, ఒకసారి ఆఖరి రోజుల్లో ఎముకలు తేలిన మనిషి.

"నలభయ్యేండ్లు పిసికిన చేతులకు పిండి పులిసిందని జెప్పినవ్ గదరా, లోచన్. నేను పిసికి అర్ధగంట గూడ గాలే."

"నీకు తెల్సా, మాసీ?"

"ఎనక తలుపు సందులకెల్లి చూసిన. పంది నోట్లె జూసిన. గా పంది నయం, పేరడగకుండ తిన్నది."

నీళ్ళ వైపునుంచి గాలి వస్తుంది, ఆ గాలికి వంటశాల పొడుగ్గా సాగి లంగరు హాలవుతుంది, దానికి ఇటు చివరా అటు చివరా కనబడడం లేదు, నేల మీద చాప పరిచి ఉంది, దాని మీద వరుసగా మా వాళ్ళందరూ కూర్చుని తింటున్నారు. వాళ్ళ ముందు కంచాలున్నాయి, కాని రొట్టెలు తరగడం లేదు, నమిలిన కొద్దీ నోట్లోంచి మళ్ళీ వస్తున్నాయి. హజూరా సింగ్ గడ్డం నిండా నెయ్యి, అది బొట్లు బొట్లుగా ఒళ్ళో పడుతోంది, తుడుచుకోడు. లండన్ సర్దారు ఆ రోజు లాగే రెండు ముక్కలు తుంచి, జేబులోంచి చిన్న సీసా తీసి చేతులకు రాసుకుంటున్నాడు, ఆ మందు వాసనా నెయ్యి వాసనా కలిసి గొంతులోకి వస్తున్నాయి. వరుస చివర, చెప్పులు విడిచే చోట, బచనమ్మ కూర్చుని ఉంది. ఇక్కడ నా పక్కనా ఉంది, అక్కడా ఉంది. ఆ రోజునుంచి పోయేదాకా ఎనిమిది నెలలు ఆమె కూర్చున్నది అక్కడే. వంటింటికి రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు, "వయసైంది, ఇగ ఇశ్రాంతి దీస్కో మాసీ" అన్నాను నేను, అంతే. మరుసటి ఆదివారం ఆమె తనంతట తానే చెప్పుల దగ్గర గుడ్డ పట్టుకుని కూర్చుని వచ్చినవాళ్ళ చెప్పుల దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. మాలో అది గొప్ప సేవ. ఎంత వినయం, ఎంత వినయం అని అందరూ మెచ్చుకున్నారు. నా చెప్పులు కూడా తుడిచింది. నేను వాటిలో కాళ్ళు పెట్టుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి.

"సారూ, మస్తు రాసినవ్" అని నములుతూనే అంటాడు హజూరా సింగ్, "అందరు ఏడ్సిన్రు."

ఆమె పేరున జరిగిన ఆఖరి ప్రార్థన రోజు నేను చదివిన కాగితం గురించి అంటున్నాడు. ఫోటోకు పూలదండ వేసి, మైకు ముందు నిలబడి, నేనే రాసి నేనే చదివాను. చదువుతుంటే నా గొంతు బొంగురుపోయింది, అది చూసి నా మీద నాకే కాస్త ముచ్చట వేసింది కూడా. ఆ ముచ్చట గుర్తొచ్చి ఇప్పుడు కలలో ఉమ్మివేయాలనిపిస్తుంది, నోట్లో ఉమ్మి లేదు, పిండి ఉంది.

"ఏం రాసినవ్? నేను ఇనలే గద" అంటుంది బచనమ్మ. "చదువు."

కాగితం నా చేతిలోనే ఉంది. అక్షరాలు తెలుగులో మొదలై పంజాబీ రాసే గురుముఖి లిపిలోకి జారి, మళ్ళీ తెలుగులోకి వస్తున్నాయి. 'ఈమె మా అందరికీ లంగరు తల్లి' అని రాసి ఉంది, స్పష్టంగా కనబడుతోంది, నోరు తెరిచి చదివితే "పిండి పులిసింది" అని వినబడుతుంది. కింది వరుసకు వెళతాను. 'ఈమె చేతి రొట్టె తినని నాలుక ఈ ఊళ్ళో లేదు' అని ఉంది. "పిండి పులిసింది" అంటాను. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, ఒత్తులు పలికిస్తూ, మళ్ళీ మళ్ళీ అదే చదువుతున్నాను, వరుసలో కూర్చున్నవాళ్ళు తలలూపుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"బంద్ జెయ్యి" అంటుంది ఆమె.

ఆపుతాను. హాలు కదులుతోంది. ఎప్పుడు ఎక్కామో తెలియదు, మేమిద్దరం రైల్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నాము, కిటికీ అవతల ఆ నీళ్ళే, ఆమె ఒళ్ళో పరాత్ ఉంది, ఆమె పిసుకుతూనే ఉంది. పక్కన బెంచీ ఖాళీగా ఉంది కాని అక్కడ ఎవరో కూర్చున్న బరువుకు చెక్క వంగి ఉంది, అది ఆమె భర్త ధన్నా సింగ్ అని నాకు అర్థమవుతుంది. నాకు పదిహేనేళ్ళప్పుడు, అమృతం తాగి సిక్కు దీక్ష తీసుకున్న రోజున, నేను నడుముకు కట్టుకున్న కృపాణం ఆయన కొలిమిలో చేసిందే. మా కమిటీలో ఏడుగురి నడుములకూ ఆయన చేసినవే ఉన్నాయి.

"గా సేతుల ఇనుము నడుముకు కట్టుకుంటిరి" అంటుంది బచనమ్మ, గొంతులో ఎత్తూ లేదు పల్లమూ లేదు, "దండం బెట్టి కండ్లకద్దుకుంటిరి. గా ఇంటి పిండి మాత్రం పందులకు."

"తప్పయింది, మాసీ."

"ఎవరికి జెప్తున్నవ్?"

"నీకే."

"ఎనిమిది నెలలు చెప్పుల కాడ కూసున్న. ఆదివారం ఆదివారం నా ముంగటికెల్లే పోయినవ్. అప్పుడు నోరు రాలే. ఇప్పుడు పండుకొని కలల జెప్తున్నవ్."

దీనికి నేను ఏమంటాను? ఆ హజూరా సింగ్ ఒత్తిడి అంటాను. హాలు కావాలని ఊరందరి కోరిక అంటాను. నేను ఒక్కణ్ణి కాదంటే ఆగేదా అంటాను. చెబుతుంటే నా మాటలు నాకే జిడ్డుగా తగులుతున్నాయి. వాళ్ళను చూస్తే నాకెంత అసహ్యమో చెబుతాను, ఆ రోజునుంచి హజూరా సింగ్ పక్కన కూర్చుంటే నాకు అన్నం దిగడం లేదని, కొత్త హాలు గుమ్మం పక్కన ఆ లండన్ మనిషి పేరు చెక్కిన రాయి దాటుతుంటే వికారంగా ఉంటుందని, మన గురువులు చెప్పిందేమిటి వీళ్ళు చేసిందేమిటి అని ఆవేశంగా చెబుతాను, నిజమే చెబుతున్నాను, నిజంగానే నాకు వాళ్ళంటే రోత. ఆమె అంతా వింటుంది. విన్నాక అడుగుతుంది:

"మా ఇంటికి ఎన్నిసార్లొచ్చినవ్, లోచన్?"

"మస్తు సార్లు. చిన్నప్పటిసంది."

"ఒక్కసారన్న నీళ్ళు దాగినవా?"

రైలు చప్పుడు ఆగిపోతుంది. రైలు ఆగలేదు, చప్పుడు మాత్రమే ఆగింది.

రేకుల ఇంటి ముందు నులక మంచం, దాని మీద మా అమ్మ, బచనమ్మ, ఇద్దరి మధ్యా నేను, ఏడేళ్ళవాణ్ణి. బచనమ్మ స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి అమ్మకు ఇవ్వబోతే అమ్మ నవ్వుతూ, ఎంతో ప్రేమగా, "ఇప్పుడే తాగొచ్చిన, బహెన్" అంటుంది. నాకిస్తే "ఇప్పుడే తాగొచ్చిన, మాసీ" అంటాను. ఎవరూ నేర్పలేదు. పదో ఏట అన్నాను. ఇరవయ్యో ఏట అన్నాను. ధన్నా సింగ్ పోయిన రోజు పరామర్శకు వెళ్ళి అన్నాను. నాకు దాహంగా ఉంది ఆ రోజు, మే నెల, నడిచి వెళ్ళాను.

"నీ తల్లి గూడ గట్లనే అంటుండె" అంటుంది బచనమ్మ. "నాకు సోపతి. మంచిది. నువ్వు గూడ మంచోనివే."

ఆమె పిండిలోంచి ముద్ద తీసి చేతుల మధ్యే తట్టి రొట్టె చేస్తుంది, నిప్పు ఎక్కడుందో కనబడదు, రొట్టె పొంగుతుంది, మచ్చలు పడతాయి, గోధుమ కాలిన కమ్మటి వాసన రైలు పెట్టె అంతా నిండుతుంది. ముక్క తుంచి నా నోటి దగ్గరకు తెస్తుంది.

"గా రోజు పారేస్తివి. ఇప్పుడు దిను. మన ఇద్దరమే ఉన్నం. ఎవ్వలు సూస్తలేరు."

నాకు తినాలని ఉంది. ఇంతకంటే ఏదీ ఎప్పుడూ కోరుకోనంతగా ఉంది. ఇది తింటే ఆ పరాత్ నా చేతుల్లోంచి దిగిపోతుందని తెలుస్తూనే ఉంది. నోరు తెరుస్తాను, ఆమె వేళ్ళు పెదవికి తగులుతాయి, ఆ వేళ్ళ మీద ముడతలు, గోళ్ళ కింద కొలిమి మసి, నల్లగా, ఎప్పటిదో మసి, గొంతులో ఏదో తలుపు వేసినట్టు మూసుకుంటుంది. మింగమని నాకు నేను చెప్పుకుంటున్నాను. గురువుల పేర్లు తలుచుకుంటున్నాను. కడుపు కిందినుంచి పైకి తోసుకొస్తుంది, పట్టుకోలేను, ఆమె చేతిలోనే ఉమ్మేస్తాను.

హజూరా సింగ్ ఎక్కడా లేడు. ఇది నా గొంతు.

బచనమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటుంది. తొందర లేకుండా, ఒక్కొక్క వేలూ తుడుచుకుంటుంది.

"నా మీద కోపమా, మాసీ?"

"కోపం లేదు బిడ్డా." కిటికీ బయటికి చూస్తోంది. "కోపమైతే నా మీద నాకే ఉంటది, ఇన్నేండ్లు నీ తల మీద చెయ్యి పెట్టినందుకు. నిన్ను జూస్తే రోత పుడ్తుంది. గంతే."

"ఏం జెయ్యాలె, మాసీ? చెప్పు. ఏం జేస్తే పోతది?"

ఆమె నా వైపు తిరుగుతుంది, మొదటిసారి ముఖం ఒకే వయసులో నిలబడుతుంది, పోయిన రోజున ఉన్న ముఖం.

"సచ్చినదాన్ని అడుగుతవా?" అంటుంది. "బతికున్నోళ్ళు లేరా?"

రైలు చప్పుడు ఒక్కసారిగా మళ్ళీ మొదలవుతుంది, చెవులు బద్దలయ్యేలా, అది తిరిగే ఫ్యాను చప్పుడని తెలిసేసరికి నేను ముందు గదిలో పడక కుర్చీలో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం, మూడు కావస్తోంది, కిటికీలోంచి ఎండ పడి మోకాళ్ళ మీద కాలుతోంది. గొంతు ఎండిపోయింది. లోపల నా భార్య మొహిందర్ గిన్నెలు సర్దుతున్న శబ్దం. లేవకుండా అలాగే కూర్చున్నాను.

కిటికీ గట్టు మీద ఒక డబ్బా కనబడింది. స్టీలు డబ్బా, పసుపుపచ్చ గుడ్డలో కట్టినది. గురువారం బచనమ్మ కోడలు రాణో తెచ్చింది. కొడుకు పుట్టాడని, అత్త బతికుంటే సారు ఇంటికే మొదట ఇచ్చేదని, నెయ్యి వేసి తానే చేసిన పిన్నీలు, గోధుమపిండి లడ్డూలు ఇవి అని గుమ్మం బయటే నిలబడి చెప్పింది. ఇప్పుడే తిన్నానమ్మా, అక్కడ పెట్టు, తర్వాత తింటాను అన్నాను. ఆమె అక్కడే పెట్టి వెళ్ళింది.

మూడు రోజులైంది. గుడ్డకు ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. గోడ పగులులోంచి చీమలు ఒకే వరుసలో వచ్చి, ఆ ముడి సందులోంచి లోపలికి పోతున్నాయి.